పద్దెనిమిది వందల మందిని అడగాలా, వద్దా? ఫాక్‌లాండ్స్ యుద్ధం వెనక చిక్కుముడి

1982 మే 1న దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ ద్వీపాల్లో, గూస్ గ్రీన్ అనే చిన్న ఊరి దగ్గర బ్రిటిష్ విమానాలు బాంబులు వేశాయి. గురి ఊరి పక్కనున్న గడ్డి రన్‌వే. అప్పటికి నెల రోజులుగా ఆ ద్వీపాలు అర్జెంటీనా సైన్యం చేతిలో ఉన్నాయి. దాడి జరిగిన కాసేపటికి సైనికులు వచ్చి, మీటింగ్ ఉంది, అందరూ కమ్యూనిటీ హాల్‌కి రండి అన్నారు. వెళ్లిన 114 మందినీ లోపలే ఉంచేశారు. చంటిపిల్లల తల్లులు, ఎనభై దాటిన ముసలివాళ్లు, గొర్రెల ఫారాల్లో పనిచేసేవాళ్లు, అందరూ ఒక్క హాల్లోనే. మరుగుదొడ్లు రెండు. హాల్లో పడి ఉన్న ఒక పాత రేడియోని ఇద్దరు కూర్చుని ఎలాగో బాగుచేశారు. కాపలావాళ్లకి వినపడకుండా సౌండ్ బాగా తగ్గించి బీబీసీ వార్తలు వినేవాళ్లు. గోడ అవతల ఏం జరుగుతోందో దాదాపు 13,000 కిలోమీటర్ల దూరంలోని లండన్ చెబితే గానీ వాళ్లకి తెలిసేది కాదు. నాలుగు వారాలు అలాగే గడిచాయి.

ఫాక్‌లాండ్స్ యుద్ధం అనగానే బ్రిటన్ ప్రధాని థాచర్, అర్జెంటీనా సైనిక పాలకుడు గాల్టియరీ, ముంచేసిన అర్జెంటీనా నౌక బెల్‌గ్రానో, ఎక్సోసెట్ క్షిపణి గుర్తొస్తాయి. రెండు దేశాలు, ఒక నేల, అది ఎవరిది అన్న గొడవ. కానీ ఆ నేల మీద జనం ఉన్నారు. అప్పట్లో సుమారు 1,800 మంది. తాము ఎవరి కింద బతకాలో వాళ్లని అడగాలా, అక్కర్లేదా? జెండా ముందు ఎవరు పాతారన్న దానికన్నా ఈ ప్రశ్న దగ్గరే ముడి బిగుసుకుందని నేను నమ్ముతాను.

ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. రెండు పెద్ద ద్వీపాలు, వాటి చుట్టూ ఏడు వందలకు పైగా చిన్నవి. దక్షిణ అమెరికా తీరానికి తూర్పున దాదాపు 500 కిలోమీటర్లు. విస్తీర్ణం 12,000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. చెట్లు దాదాపు లేవు, గాలికి విరామం లేదు. ఇంట్లో పొయ్యి కోసం పీట్ అనే నల్లటి మట్టిగడ్డల్ని కోసి, ఆరబెట్టి, వాడుకునేవాళ్లు. బతుకంతా గొర్రెల మీద, ఉన్ని మీద. రాజధాని స్టాన్లీ ఒక్కటే పట్టణం అనదగ్గది. అది దాటితే మిగతా ప్రాంతమంతటినీ వాళ్లు ‘క్యాంప్’ అంటారు. ఆ మాట స్పానిష్‌లోని ‘కాంపో’ నుంచి వచ్చింది. గుర్రపు సామానుకి వాళ్లు వాడే పేర్లలోనూ స్పానిష్ మాటలు చాలానే ఉన్నాయి. మేం బ్రిటిష్ వాళ్లమే అని గట్టిగా చెప్పుకునే మనుషుల నోట్లో దక్షిణ అమెరికా పశువుల కాపరుల మాటలు ఇప్పటికీ ఉన్నాయంటే, ఆ చరిత్ర ఎంత కలగలిసిపోయిందో అర్థమవుతుంది.

యుద్ధానికి ముందు వాళ్ల స్థితి గొప్పగా ఏమీ లేదు. భూమిలో దాదాపు సగం ఒక్క ఫాక్‌లాండ్ ఐలాండ్స్ కంపెనీ చేతిలో ఉండేది. మిగతాదాంట్లోనూ చాలా భాగం ఇంగ్లాండ్‌లో కూర్చున్న యజమానులదే. ఫారంలో పనిచేసినన్నాళ్లూ ఉండటానికి ఇల్లు ఇచ్చేవాళ్లు. పని అయిపోతే ఇల్లు కూడా పోయేది. జీవితమంతా గొర్రెల ఉన్ని కత్తిరించిన మనిషికి చివరికి తన పేరు మీద ఒక గది కూడా ఉండేది కాదు. అందుకే కుర్రాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయేవాళ్లు, జనాభా తగ్గుతూ వచ్చేది.

ఇక ఎవరిదన్న లెక్క. 1764లో బూగెన్‌విల్ అనే ఫ్రెంచ్ నావికుడు తూర్పు ద్వీపంలో మొదటి ఊరు కట్టాడు. వచ్చినవాళ్లలో సెయింట్ మాలో రేవు వాళ్లున్నారు కాబట్టి ఆ ద్వీపాలకి ‘మాలుయీన్’ అనే పేరు పడింది. స్పానిష్‌లో అదే ‘మాల్వినాస్’ అయింది. మరుసటి ఏడు బ్రిటిష్ వాళ్లు పడమటి వైపున్న ఒక ద్వీపంలో దిగి, ఇవి మావి అన్నారు. 1767లో ఫ్రాన్స్ తన వాటాని స్పెయిన్‌కి అప్పగించింది. 1770లో స్పెయిన్ బ్రిటిష్ వాళ్లని వెళ్లగొట్టింది, యుద్ధం దాకా వచ్చి ఆగింది, బ్రిటన్ తిరిగొచ్చింది. 1774లో ఖర్చు భరించలేక తనే వెళ్లిపోయింది. పోతూ పోతూ, ఇది మా రాజుగారి ఆస్తి అని ఒక రేకు మీద చెక్కించి పెట్టింది. 1811లో స్పెయిన్ కూడా ఖాళీ చేసింది.

1816లో స్పెయిన్ నుంచి విడిపోయిన కొత్త దేశం, స్పెయిన్ ఏలినవన్నీ మాకు వారసత్వంగా వస్తాయి అంది. అర్జెంటీనా వాదనకి పునాది ఇదే. వట్టి మాట కూడా కాదు. 1820లలో లూయీ వెర్నే అనే వ్యాపారి అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఐరెస్ అనుమతితో అక్కడ ఊరు నిలబెట్టాడు, 1829లో అతన్ని అధికారిగా నియమించారు. సీల్ జంతువుల వేట విషయంలో అతను అమెరికన్ ఓడల్ని పట్టుకోవడంతో, 1831 చివర్లో ఒక అమెరికన్ యుద్ధనౌక వచ్చి ఆ ఊరిని చిందరవందర చేసింది. 1833 జనవరిలో బ్రిటిష్ నౌక క్లియో వచ్చింది. అర్జెంటీనా జెండా దించి, తమ జెండా ఎగరేసి, అక్కడున్న చిన్న సైనిక దళాన్ని పంపించేసింది.

అర్జెంటీనా బడిపిల్లలు నేర్చుకునే కథలో ఇది బలవంతపు గెంటివేత. బ్రిటన్ చెప్పే కథలో, పంపింది సైనికుల్ని మాత్రమే, ఊరి జనాన్ని ఉండమనే చెప్పాం. రికార్డుల ప్రకారం రెండోదానికే ఎక్కువ ఆధారం కనిపిస్తుంది. అయినా 1833లో జరిగింది బలం చూసుకుని చేసిన పనే. ఇంకొకరి పాలన ఉన్న చోటికి పెద్ద నౌక వేసుకొచ్చి జెండా మార్చడాన్ని ఇంకేమనాలి? అర్జెంటీనా వాళ్ల బాధని పట్టించుకోనక్కర్లేదు అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. అయితే ఆ తర్వాత నూట యాభై ఏళ్లు గడిచాయి. స్కాట్లాండ్ నుంచి, ఇంగ్లాండ్ నుంచి వచ్చినవాళ్లకి అక్కడే పిల్లలు పుట్టారు, వాళ్లకి మనవలు పుట్టారు, అక్కడి మట్టిలోనే కలిశారు. 1833లో తప్పెవరిది అన్నదానికి జవాబు దొరికినా, 1982లో ఆ ఇళ్లలో ఉన్నవాళ్లని ఏం చేయాలి అన్నదానికి జవాబు దొరకదు.

1965లో ఈ వ్యవహారం ఐక్యరాజ్యసమితికి వచ్చింది. సర్వప్రతినిధి సభ 2065వ తీర్మానం చేసింది. బ్రిటన్, అర్జెంటీనా కూర్చుని మాట్లాడుకోండి, ద్వీపవాసుల ‘ప్రయోజనాలు’ దృష్టిలో పెట్టుకోండి అంది. చదువుతుంటే ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. కానీ అందులో ‘ప్రయోజనాలు’ అని ఉంది గానీ ‘అభీష్టం’ అని లేదు. ఒకరి ప్రయోజనం ఏమిటో వేరేవాళ్లు నిర్ణయించొచ్చు, చిన్నపిల్లల విషయంలో పెద్దవాళ్లు చేసేది అదే. అభీష్టం అంటే మాత్రం ఆ మనిషినే అడగాలి. అర్జెంటీనా మొదటి మాట పట్టుకుంది: వీళ్లు బ్రిటన్ తెచ్చిపెట్టిన జనం, స్థానికులు కాదు, కాబట్టి స్వయంనిర్ణయాధికారం వీళ్లకి వర్తించదు, మంచి ఆసుపత్రులు, బడులు, రాకపోకలు ఉంటే వాళ్ల ప్రయోజనాలు నెరవేరినట్టే. బ్రిటన్ రెండో మాట పట్టుకుంది: వాళ్లు ఒప్పుకుంటేనే. కనీసం బయటికి అలా చెప్పింది.

ఆ ‘కనీసం’ దగ్గర ఆగాలి. ఎందుకంటే ద్వీపాలకి వినపడకుండా లండన్ మాట్లాడుతున్నది వేరు. 1960ల చివర్లో సార్వభౌమాధికారం వదులుకునే దిశగా రహస్యంగా చర్చలు జరిగాయి. సంగతి తెలిసి 1968లో స్టాన్లీలోని మండలి సభ్యులు బ్రిటిష్ ఎంపీలకి బహిరంగ లేఖ రాశారు. గొడవయ్యాక లండన్ వెనక్కి తగ్గింది. దారి మాత్రం మార్చలేదు. 1971 ఒప్పందంతో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోకి నెలకోసారి వెళ్లే ఓడ ఆగిపోయింది. దాని బదులు అర్జెంటీనా వైమానిక దళం నడిపే లాడే విమానాలు వచ్చాయి. మొదటి తాత్కాలిక రన్‌వే కూడా అర్జెంటీనా వాళ్లే వేశారు. పెట్రోలు అర్జెంటీనా కంపెనీది. పెద్ద జబ్బు చేస్తే అర్జెంటీనా ఆసుపత్రికే. స్పానిష్ నేర్పడానికి అక్కడి నుంచే టీచర్లు. ఆ విమానం ఎక్కాలంటే ద్వీపవాసి దగ్గర ‘తెల్ల కార్డు’ ఉండాలి. దాన్నిచ్చేది అర్జెంటీనా.

ఇవన్నీ నిజంగా పనికొచ్చేవే. ఆ విమానాల వల్ల ప్రాణాలు నిలిచినవాళ్లున్నారు. కానీ ఆ తెల్ల కార్డు చేతిలో పట్టుకున్న మనిషికి, తన ఊరి నుంచి బయటికి పోవడానికి వేరే దేశం అనుమతి కావాల్సి వస్తోందని ప్రతిసారీ గుర్తొచ్చేది.

1980 నవంబర్‌లో బ్రిటిష్ మంత్రి నికొలస్ రిడ్లీ స్టాన్లీ వచ్చాడు. అతని దగ్గరున్న ప్లాన్ ఏమిటంటే, యాజమాన్యం అర్జెంటీనాకి ఇచ్చేసి, ద్వీపాల్ని కొన్ని దశాబ్దాల లీజుకి తిరిగి తీసుకోవడం. జెండా మారుతుంది, బతుకు మారదు. లెక్క ప్రకారం ఇది తెలివైన ఆలోచనే, చాలామంది దౌత్యవేత్తలు ఇప్పటికీ అలాగే అంటారు. ద్వీపాల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. డిసెంబర్ 2న పార్లమెంటులో రెండు వైపుల సభ్యులూ రిడ్లీ మీద విరుచుకుపడ్డారు, ప్లాన్ అటకెక్కింది. అయితే ద్వీపాల్ని కాపాడతాం అన్న అదే లండన్ మరుసటి ఏడాది రెండు పనులు చేసింది. కొత్త పౌరసత్వ చట్టం వల్ల చాలామంది ద్వీపవాసులు పూర్తి బ్రిటిష్ పౌరసత్వం కోల్పోయే పరిస్థితి వచ్చింది. ఆ సముద్రాల్లో తిరిగే ఒకే ఒక్క నౌక ఎండ్యూరెన్స్‌ని ఖర్చు తగ్గించడానికి తీసేస్తామని ప్రకటించారు. వదిలేయడానికి మనసొప్పదు, నిలబెట్టుకోవడానికి డబ్బు పెట్టబుద్ధి కాదు. ఇది చూస్తున్న బ్వేనస్ ఐరెస్‌కి ఏం అర్థం కావాలో అదే అర్థమైంది.

అక్కడ 1976 నుంచి సైనిక పాలన. వేలాది మందిని ఎత్తుకెళ్లి మాయం చేశారు. మానవహక్కుల సంఘాలు ఆ సంఖ్య 30,000 అంటాయి. ధరలు మండిపోతున్నాయి. 1982 మార్చి 30న కార్మిక సంఘాలు బ్వేనస్ ఐరెస్ వీధుల్లోకి వచ్చాయి, పోలీసులు దొరికినవాళ్లని దొరికినట్టు కొట్టి లోపలేశారు. మూడు రోజులకి, ఏప్రిల్ 2న సైన్యం స్టాన్లీలో దిగింది. అంతకుముందు బ్రిటన్ కిందే ఉన్న సౌత్ జార్జియా ద్వీపంలో, పాత తిమింగలాల ఫ్యాక్టరీ ఇనుము తీసుకెళ్లడానికి వచ్చిన పనివాళ్లు అర్జెంటీనా జెండా ఎగరేసిన గొడవతో ముహూర్తం ముందుకు జరిగింది. ఏడాదిలో ఎప్పుడో చేద్దామనుకున్నది హడావిడిగా చేశారు. బ్రిటన్ యుద్ధానికి రాదనుకున్నారు. మొన్న పోలీసు దెబ్బలు తిన్న ప్రజలే ఆ రోజు అదే నగరంలో సంబరాలు చేసుకున్నారు. మాల్వినాస్ అన్న మాటకి అక్కడి మనసుల్లో అంత బలం ఉంది. జుంటా, అంటే ఆ సైనిక పాలకుల ముఠా, ఆ బలాన్ని తన కోసం వాడుకుంది.

ఆ రాత్రి స్టాన్లీ రేడియో స్టేషన్‌లో ప్యాట్రిక్ వాట్స్ మైకు ముందు నుంచి కదల్లేదు. ఎక్కడ కాల్పులు వినిపిస్తున్నాయో ఊరివాళ్లు ఫోన్ చేసి చెప్తుంటే వాటిని ప్రసారం చేస్తూ ఉన్నాడు. సైనికులు లోపలికి వచ్చినా మాట్లాడుతూనే ఉన్నాడు. పొద్దున గవర్నర్ రెక్స్ హంట్ లొంగిపోయాడు. స్టాన్లీ పేరు ప్వెర్తో అర్జెంతీనో అయింది. రోడ్డుకి ఎడమవైపు నడిచే బండ్లు కుడివైపు నడవాలన్నారు. చిన్న మార్పే, కానీ ఇంటి నుంచి బయటికి వచ్చిన ప్రతిసారీ ఇప్పుడు రాజ్యం ఎవరిదో తెలియజేసే మార్పు.

ఆక్రమణదారులందరూ ఒకలాంటివాళ్లు కాదు. 1970లలో లాడే విమానాల తరఫున స్టాన్లీలో కాపురమున్న కార్లోస్ బ్లూమర్ రీవ్‌ని పౌర వ్యవహారాలు చూడటానికి పంపారు. ఊళ్లో అతనికి తెలిసినవాళ్లున్నారు, కుదిరినంతలో జనాన్ని కాపాడటానికి చూశాడు. ఇంకోవైపు ఇళ్లలోకి జొరబడి సోదాలు చేసి హడలెత్తించిన ఇంటెలిజెన్స్ అధికారులూ ఉన్నారు. ఇబ్బంది పెడతారనుకున్న 14 మందిని స్టాన్లీ నుంచి తీసుకెళ్లి, ఫాక్స్ బేలో నిర్బంధించారు.

చివరికి ద్వీపాల్లో పది వేలకు పైగా అర్జెంటీనా సైనికులు చేరారు, ఒక్కో ద్వీపవాసికి ఐదారుగురు చొప్పున. వాళ్లలో చాలామంది పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు, తప్పనిసరి సైనిక సేవ కింద వచ్చినవాళ్లు. వేడి ప్రాంతాలైన కొర్రియెంతెస్, చాకో నుంచి తెచ్చి, చలికాలం మొదట్లో నీళ్లు ఊరే గుంటల్లో పెట్టారు. తిండి సరిగ్గా అందేది కాదు. ఆకలికి గొర్రెని దొంగిలించి పట్టుబడిన కుర్రాళ్లని వాళ్ల అధికారులే చేతులూ కాళ్లూ మేకులకి కట్టి చలి నేల మీద పడుకోబెట్టారని తర్వాత వాళ్లే అర్జెంటీనా కోర్టుల్లో చెప్పారు. ద్వీపాల్లో ఇళ్ల తలుపు తట్టి తిండి అడిగిన సైనికుల గురించి అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్తారు. తమ ఇంటిని ఆక్రమించిన సైన్యంలోని పిల్లాడి ముఖంలో ఆకలి చూడటం ఎలా ఉంటుందో ఆ తల్లులకే తెలియాలి.

యుద్ధం సాగిన తీరు చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా దాటుతాను. మే 2న బెల్‌గ్రానో మునిగి 323 మంది పోయారు. రెండు రోజులకి బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌కి క్షిపణి తగిలింది. మే 21న బ్రిటిష్ దళాలు సాన్ కార్లోస్‌లో దిగాయి, నెలాఖరుకి గూస్ గ్రీన్ హాల్ తలుపులు తెరుచుకున్నాయి. బురదలో సామాను మోయడానికి దారి లేక సైన్యం తంటాలు పడుతుంటే, క్యాంప్ జనం సొంత ట్రాక్టర్లు, ల్యాండ్‌రోవర్లు తెచ్చి, రాత్రిపూట లైట్లు వేయకుండా నడిపి, తూటాలు ముందుకి, గాయపడినవాళ్లని వెనక్కి చేరవేశారు.

జూన్ 11 రాత్రి స్టాన్లీ చుట్టూ కొండల మీద పోరు మొదలైంది. ఊరిలో జనం రాతి గోడలున్న ఇళ్లలో, కొట్లో గుంపులుగా తలదాచుకున్నారు. అలాంటి ఒక ఇంటి మీద బ్రిటిష్ యుద్ధనౌక పేల్చిన గుండు పడింది. ముగ్గురు స్త్రీలు చనిపోయారు. మొత్తం యుద్ధంలో చనిపోయిన ద్వీపవాసులు ఆ ముగ్గురే. వాళ్లని చంపింది విడిపించడానికి వచ్చినవాళ్ల గుండే. స్మారక స్తంభం మీద సైనికుల పేర్లతో పాటు వాళ్ల పేర్లూ ఉన్నాయి.

లొంగుబాటు మాటల్లోనూ ఒక ద్వీపవాసి చెయ్యి ఉంది. బ్రిటిష్ వాళ్లు వైద్యానికి వాడే రేడియో లైన్ మీద, మాట్లాడుకుందాం రండి అని పిలుస్తున్నారు. అర్జెంటీనా వైపు నుంచి జవాబు లేదు. జూన్ 14న ఆసుపత్రి డాక్టర్ ఆలిసన్ బ్లీనీ ఆ పిలుపు విని, ఇంగ్లీష్ వచ్చిన అర్జెంటీనా నౌకాదళ అధికారి దగ్గరికి వెళ్లి, మాట్లాడమని పట్టుబట్టింది. అదే రాత్రి ద్వీపాల్లోని అర్జెంటీనా దళాల అధిపతి జనరల్ మెనెండెజ్ లొంగుబాటు మీద సంతకం చేశాడు. 74 రోజులు. అర్జెంటీనా వాళ్లు 649 మంది, బ్రిటిష్ సైన్యంలో 255 మంది, ఆ ముగ్గురు పోయారు.

ఆ తర్వాత ద్వీపాలకి జరిగింది చూస్తే మనసు రెండు వైపులా లాగుతుంది. 1983లో చట్టం చేసి పూర్తి పౌరసత్వం ఇచ్చారు. బయటి యజమానుల ఫారాల్ని ముక్కలు చేసి స్థానిక కుటుంబాలకి అమ్మడం మొదలైంది. 1980ల చివరి నుంచి చుట్టూ సముద్రంలో స్క్విడ్ వేటకి లైసెన్సులు అమ్మే హక్కు రావడంతో ఆదాయం ఎన్నో రెట్లు పెరిగింది. ఇప్పుడు జనాభా సుమారు 3,600. యుద్ధానికి ముందు ఏళ్ల తరబడి అడిగినా దక్కనివి యుద్ధం తర్వాత కొద్ది ఏళ్లలో దక్కాయి. అందుకు పోయిన ప్రాణాల్లో దాదాపు అన్నీ బయటివాళ్లవి. ఈ సంగతి ద్వీపాల్లో అందరికీ తెలుసు. జూన్ 14న వాళ్లు చేసుకునేది పండగ కన్నా సంస్మరణలాగే ఉంటుంది.

డార్విన్ ఊరి దగ్గర కొండవాలులో అర్జెంటీనా సైనికుల శ్మశానం ఉంది. తెల్ల శిలువలు 237. యుద్ధమయ్యాక చెల్లాచెదురుగా ఉన్న శవాల్ని జెఫ్రీ కార్డోజో అనే బ్రిటిష్ అధికారి వెతికి తెచ్చి, ఒక్కొక్కరి ఒంటి మీద దొరికిన ప్రతి చిన్న వస్తువునీ రాసిపెట్టి, పాతిపెట్టించాడు. సగానికి పైగా సమాధుల మీద ‘దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు’ అని చెక్కారు. ముప్పై ఏళ్లకి పైగా ఆ తల్లులకి తమ కొడుకు ఏ శిలువ కిందున్నాడో తెలియదు. రెండు దేశాలూ ఒప్పుకున్నాక 2017లో రెడ్‌క్రాస్ నిపుణులు ఆ సమాధులు తెరిచి డీఎన్‌ఏ పరీక్షలు చేశారు. వంద మందికి పైగా పేర్లు తెలిశాయి. మరుసటి ఏడాది మార్చిలో కుటుంబాలు వచ్చి, పేరు చెక్కిన రాయిని మొదటిసారి తాకాయి. సార్వభౌమాధికారం మీద ఒక్క అంగుళం దిగని రెండు ప్రభుత్వాలు ఈ పని మాత్రం కలిసి చేయగలిగాయి.

2013 మార్చిలో ద్వీపాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. బ్రిటన్ కిందే కొనసాగాలా అని అడిగారు. 1,513 మంది అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. అర్జెంటీనా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తెచ్చిపెట్టిన జనం, వాళ్లు ఉన్నచోటు ఎవరిదో వాళ్లే ఓటేసి తేలుస్తారా అన్నది దాని వాదన. ఆ వాదనలో తర్కం ఉంది. కానీ ఆ లెక్కన చూస్తే దక్షిణ అమెరికాలో యూరప్ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లందరి హక్కూ ప్రశ్నార్థకమే అవుతుంది, అర్జెంటీనాతో సహా.

బ్రిటన్‌ని కూడా అంత తేలిగ్గా వదలకూడదు. ఫాక్‌లాండ్స్ వాళ్ల ఇష్టమే మాకు ముఖ్యం అంటున్న రోజుల్లోనే, 1960ల చివరి నుంచి 1973 దాకా, హిందూ మహాసముద్రంలోని చాగోస్ ద్వీపాల జనాన్ని, దాదాపు అంతే సంఖ్యలో ఉన్నవాళ్లని, డియెగో గార్సియాలో అమెరికా స్థావరం కోసం అదే బ్రిటన్ ఖాళీ చేయించింది. వాళ్లని ఎవరూ అడగలేదు. వాళ్ల పూర్వీకులు బానిసలుగా, కూలీలుగా వచ్చిన నల్లజాతివాళ్లు, ఆసియావాళ్లు. చాగోస్ పేరెత్తకుండా ఫాక్‌లాండ్స్ విషయంలో బ్రిటన్ చెప్పే సూత్రం గురించి మాట్లాడటం నాకు న్యాయంగా తోచదు. అలాగని చాగోస్ వాళ్లకి జరిగిన అన్యాయాన్ని చూపించి, స్టాన్లీ వాళ్లని కూడా అడగనక్కర్లేదు అనడమూ న్యాయం కాదు.

ఐక్యరాజ్యసమితిలో వలసల విముక్తి కమిటీ ఏటా జూన్‌లో ఈ విషయాన్ని చర్చకి తీసుకుంటుంది. ద్వీపాల్లో ఎన్నికైన సభ్యులు స్టాన్లీ నుంచి న్యూయార్క్ వెళ్లి, మా తాతముత్తాతలు ఎప్పుడొచ్చారు, మేం ఏం కోరుకుంటున్నాం అని చెప్తారు. తర్వాత అర్జెంటీనా ప్రతినిధి మాట్లాడతాడు. కమిటీ ఎప్పటిలాగే రెండు ప్రభుత్వాల్నీ చర్చలకి కూర్చోమంటుంది. ఆ సభ్యులు తిరిగి విమానమెక్కి ఇంటికి వెళ్తారు.